సున్నపురాయి వయసు చెప్పిన చిట్టి గుల్ల

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం అంటే యాభై ఏళ్ళ లెక్క. ఆ లెక్కకు మన దగ్గర రుజువులున్నాయి. అడ్మిషన్ రిజిస్టర్లున్నాయి, గ్రూపు ఫోటోలున్నాయి, "వీడు నా క్లాసులో వెనక బెంచీ" అని గుర్తుపట్టే మాస్టార్లు కూడా ఎదురుగా ఉన్నారు. రిజిస్టరూ ఫోటోా లేని చోట, చూసినవాళ్ళెవరూ మిగలని చోట వయసు ఎలా తేలుస్తారు? ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

సంఘం కార్యదర్శి గారు "నీ పనికి సంబంధించింది ఏదైనా అరగంట చెప్పు" అన్నారు. నా పని రాయితో. రోడ్లకు, వంతెనలకు వాడే రాయిని పరీక్ష చేయించి ఒప్పుకోవడం, లేదా తిప్పి పంపడం. మా పరీక్షలు రాయి ఎంత బరువుకు నలుగుతుంది, ఎంత నీరు పీలుస్తుంది, రాపిడికి ఎంత అరుగుతుంది అని అడుగుతాయి. "నీ వయసెంత?" అని ఒక్క పరీక్షా అడగదు. ఆ ప్రశ్న అడిగినవాళ్ళకు మనకు మూడు వందల కిలోమీటర్ల లోపే, గోదావరి ఒడ్డున, గొప్ప జవాబు దొరికింది. అందులో ముఖ్య సాక్షి కంటికి ఆనని ఒక చిన్న గుల్ల.

ముందు మన రాళ్ళ సంగతి చూద్దాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైట్, చార్నోకైట్, గ్రానైటు జాతి రాయి. ఖొండలైట్ అనే పేరు మన తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టింది. తుప్పు రంగు రాయి పగలగొడితే లోపల ఎర్రటి గార్నెట్ గింజలు కనబడతాయే, అదే. అది ఒకప్పుడు మట్టీ ఇసుకా. భూమి లోతుల్లోకి దిగి, సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట విపరీతమైన వేడికి, ఒత్తిడికి ఉడికి, కొత్త రాయిగా మారింది. అలా ఉడికిన రాయిలో శిలాజాలు మిగలవు.

"మరి బొర్రా గుహలు సున్నపురాయే కదా, అందులో దొరకవా?" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. బొర్రా రాయి కూడా అదే వేడికి మారిపోయింది. కలకండ పలుకుల్లా మెరిసే స్ఫటికాల ముద్ద అది, పాలరాయికి దగ్గర చుట్టం. పైగా అది సముద్రం అడుగున పేరుకున్న నాటికి గుల్ల కట్టే జీవులు ఇంకా పుట్టనే లేదు. అందుకని మన కొండల వయసు కట్టాలంటే వాటిలోని జిర్కాన్ వంటి ఖనిజాల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలవాలి. గుల్లల సాక్ష్యం మన కొండల్లో దొరకదు. దానికోసం దక్షిణంగా గోదావరి దాకా వెళ్ళాలి.

అక్కడికి వెళ్ళేముందు ఆ సాక్షి ఎవరో చెప్తాను. మన తీరం ఊళ్ళ పాతకాలం మనుషులకు గుల్లసున్నం తెలుసు. సముద్రపు గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి సున్నం చేసేవారు. గనిలోంచి తీసిన రాయిని కాలిస్తే రాతిసున్నం. గుల్లను కాల్చినా, రాయిని కాల్చినా వచ్చేది ఒకటే సున్నం. ఎందుకంటే సున్నపురాయిలో పెద్ద భాగం గుల్లల పొడి, నాచుల పెంకులు, వాటి నుంచి వచ్చిన బురద, అన్నీ కలిసి గట్టిపడినదే. అంటే సున్నపురాయిలో చాలా భాగం ఒకనాటి జీవుల ఇల్లు.

ఆ జీవుల్లో మనకు కావలసినవి ఫొరామినిఫెరా. పేరు పొడుగు, జీవి మాత్రం ఒకే ఒక్క కణం. చాలా రకాలు ఇసుక రేణువంత కూడా ఉండవు. కానీ వీటిలో చాలావరకు తమ చుట్టూ గదులు గదులుగా ఒక గుల్ల కట్టుకుంటాయి. కొన్ని నత్తలా చుట్ట తిరుగుతాయి, కొన్ని ద్రాక్షగుత్తిలా ఉంటాయి. జాతికో కట్టడం. ఇవి యాభై కోట్ల ఏళ్ళకు పైగా సముద్రాల్లో ఉన్నాయి. ఈ రోజు కూడా కళింగపట్నం దగ్గర వంశధార మొగలో, కల్లేపల్లి దగ్గర నాగావళి మొగలో బురద తీసి, సన్నజల్లెడలో కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి ఓపికగా వెతికితే వీటి గుల్లలు చూడవచ్చు.

గుల్ల చూసి వయసు ఎలా చెప్తారు? ఒక పాత ఇంటి గోడ కూలుస్తుంటే పునాదిలో చిల్లుకాణీ దొరికిందనుకోండి. నడుమ చిల్లున్న ఆ కాణీని 1943 నుంచి 1947 వరకే ముద్రించారు. కనుక ఆ పునాది 1943కు ముందుది కాదు. దానితోపాటు "నయా పైసా" అని రాసి ఉన్న నాణెం కూడా దొరికితే, అది 1957లో మొదలయింది కనుక, పునాది 1957కు ముందుది కాదు. చిల్లుకాణీ ఎవరి జేబులోనో ఎన్నాళ్ళో ఉండి తరువాత పడి ఉండవచ్చు. అందుకని అన్నిటికంటే కొత్త నాణెమే ప్రమాణం.

ఫొరామినిఫెరా జాతులు కూడా నాణేల్లాంటివే. ఒక జాతి ఒకానొక కాలంలో పుడుతుంది, కొన్నాళ్ళు సముద్రమంతా వ్యాపిస్తుంది, తరువాత అంతరించిపోతుంది. మళ్ళీ అదే జాతి పుట్టదు. ఏ జాతి తరువాత ఏది వచ్చిందో ప్రపంచమంతటా పొరలు పోల్చి వరస కట్టారు. పాత పొరలు కోసుకుపోయి, వాటి గుల్లలు కొత్త పొరలో కలవడం ఇక్కడా జరుగుతుంది. అప్పుడూ కొత్త నాణెం సూత్రమే. చమురు బావుల్లో దీనికి తిరకాసు ఉంది. బావి తవ్వేటప్పుడు పై పొరల పొడి రాలి కింది పొడిలో కలుస్తుంది. కనుక అక్కడ పై నుంచి కిందికి దిగుతూ ఒక జాతి మొదటిసారి ఎక్కడ కనబడిందో దాన్నే నమ్ముతారు.

ఇంతవరకు వినడానికి తేలికే. లోతులేని సముద్రంలో పేరుకున్న సున్నపురాయి దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. కాలం బాగా చెప్పే ఫొరామినిఫెరా నడిసముద్రంలో నీళ్ళమీద తేలుతూ బతికేవి. కెరటాలతో పాటు దేశదేశాలూ తిరుగుతాయి కనుక ఇటలీలో దొరికినదే మన దగ్గరా దొరుకుతుంది. ఒడ్డు దగ్గర, నది మొగల్లో, ఉప్పుకయ్యల్లో అవి అరుదు. అక్కడ అడుగున పాకే జాతులు, సున్నం కట్టే నాచులు ఎక్కువ. వాటిలో చాలావరకు ఆ చోటుకే పరిమితం. పైగా కొన్ని లక్షల, కోట్ల ఏళ్ళపాటు పెద్ద మార్పు లేకుండా ఉండిపోతాయి. వందేళ్ళు చెలామణీ అయిన నాణెం దొరికితే గోడ వయసు ఏం తేలుతుంది?

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, లోతులేని నీళ్ళలోనే త్వరగా మారిపోయిన పెద్ద ఫొరామినిఫెరాను పట్టుకోవడం. ఉదాహరణకు నుమ్ములైట్లు. రూపాయి బిళ్ళల్లా ఉంటాయి. కచ్ లోనూ, మేఘాలయలోనూ వీటితో నిండిన సున్నపురాళ్ళున్నాయి. ఈజిప్టు పిరమిడ్ల రాళ్ళ నిండా ఇవే. అక్కడ రాలిపడిన వాటిని చూసి, కూలివాళ్ళు తిని వదిలిన పప్పుగింజలు రాయిగా మారాయని జనం చెప్పుకునేవారని రెండువేల ఏళ్ళ కిందటి గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. ఇలాంటి పెద్ద గుల్లలతో లోతులేని సముద్రాలకు విడిగా ఇరవై మండలాల కాలపట్టికను 1998లో ప్రచురించారు. రాయి గట్టిదై గుల్ల విడదీయలేకపోతే దాన్ని పలకగా కోసి, గాజుమీద అంటించి, మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందానికి అరగదీస్తారు. అప్పుడు వెలుతురు రాయిలోంచి దూరి వస్తుంది, గుల్లల గదులు కనబడతాయి.

రెండో దారి, కెరటానికి కొట్టుకొచ్చి ఒడ్డున చిక్కుకున్న నడిసముద్రపు గుల్ల ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతకడం. గోదావరి ఒడ్డున ఫలించింది ఈ దారే.

రాజమండ్రి పక్కన కాతేరు, గోదావరికి అవతల పంగిడి, దుద్దుకూరు, నిర్మలగిరి మేరీమాత క్షేత్రం ఉన్న గౌరీపట్నం. ఈ ఊళ్ళ దగ్గర నల్లరాయి క్వారీలున్నాయి. ఆ నల్లరాయి బసాల్టు, అంటే చల్లారిన లావా. గోదావరి జిల్లాల్లో అగ్నిపర్వతం ఎక్కడిది? అది అక్కడిది కాదు. దాని రసాయన కూర్పు పడమటి కనుమల్లో మహాబలేశ్వరం వైపున్న లావా పొరలతో సరిపోతోంది. దక్కన్ పీఠభూమిలో ఉబికిన లావా పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైబడి పారి, ఇక్కడ బంగాళాఖాతంలో కలిసిందని శాస్త్రవేత్తల అభిప్రాయం. భూమి మీద తెలిసినవాటిలో అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే కావచ్చు.

ఈ క్వారీల్లో కింద ఒక లావా, పైన ఒక లావా, నడుమ సముద్రపు సున్నపురాయి, మట్టి పొరలు. బొబ్బట్టులో పూర్ణంలా అనుకోండి. కింది లావా చల్లారాక దానిమీదికి సముద్రం వచ్చింది, గుల్లలు పేరుకున్నాయి, తరువాత పై లావా వచ్చి కప్పేసింది. నడుమ పొర వయసు తేలితే రెండు లావాల కాలమూ తేలుతుంది.

ఈ తగవు చాలా పాతది. నాగపూరులో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే ఇక్కడి పెద్ద నత్తగుల్లలు కూడా చూసి, ఇవి రాక్షసబల్లుల కాలం తరువాతివని రాశాడు. కాదు, ఆ కాలానివేనని మరికొందరు భూగర్భ శాస్త్రవేత్తలు వాదించారు. 1930ల్లో ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు గార్లు ఈ పొరలోని ఫొరామినిఫెరాను, సున్నపు నాచులను, మంచినీటి నాచుల గింజలను మైక్రోస్కోపులో పరిశీలించి హిస్లాప్ వైపే తీర్పు చెప్పారు. శిలాజ వృక్షశాస్త్రంలో పెద్దపేరైన బీర్బల్ సాహ్ని కూడా ఆ పక్షమే. కానీ వాళ్ళకు దొరికినవి ఎక్కువగా ఒడ్డు జీవులు. కాలం దగ్గరగా బిగించే నాణెం ఇంకా దొరకలేదు.

అది దొరికిన సంగతి 2008లో ప్రచురితమైంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, స్విట్జర్లాండ్ నుంచి థియరీ అడాట్, మన ఐఐటీ రూర్కీ నుంచి సునీల్ బాజ్‌పాయ్, మరికొందరు కలిసి ఈ క్వారీల నుంచి నమూనాలు తీశారు. కింది లావాకు సరిగ్గా పైనున్న పొరల్లో నడిసముద్రపు ఫొరామినిఫెరా దొరికాయి. చాలా చిన్నవి, మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూ. అవి పార్వులారుగోగ్లోబిజెరీనా యుగుబినా అనే జాతి పేరున గుర్తించే కాలానివి. నోరు తిరగని పేరే. యుగుబినా అంటే ఇటలీలోని గుబ్బియో అనే ఊరిది అని. 1964లో ఈ జాతికి ఆ ఊరి పేరు పెట్టారు.

ఈ జాతి ఎందుకంత విలువైనది? 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట రాక్షసబల్లులతోపాటు సముద్రంలో తేలే ఫొరామినిఫెరా జాతుల్లో చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఖాళీలో కొత్తగా పుట్టినవాటిలో ఇదొకటి. రెండు మూడు లక్షల ఏళ్ళలోనే ఇదీ పోయింది. కోట్ల ఏళ్ళ లెక్కలో అది చిల్లుకాణీ ఆయుష్షు. కాబట్టి గౌరీపట్నం వైపు క్వారీల్లో పూర్ణం పొర ఆ మహా వినాశనం జరిగిన వెంటనే పేరుకున్నది. కింది లావా దానికి ముందుది, లేదా ఆ సమయానిదే.

ఎంత ముందు అన్నది అయస్కాంతం చెప్పింది. లావా చల్లారేటప్పుడు ఆనాటి భూమి అయస్కాంత దిశ అందులో నిలిచిపోతుంది. ఆ దిశ అప్పుడప్పుడు తిరగబడుతుంటుంది. కింది లావాలో తిరగబడిన దిశ, పై లావాలో ఇప్పటి దిశ ఉన్నాయి. అయితే ఈ సాక్ష్యం ఒంటరిగా పనికిరాదు. పాత జాతకంలో "విక్రమ నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటే అది 1880-81 కావచ్చు, 1940-41 కావచ్చు, 2000-01 కావచ్చు. ఏ అరవైలోదో ఇంకెవరో చెప్పాలి. రాతి విషయంలో ఆ మాట చెప్పింది గుల్ల. గుల్ల చెప్పాక, కింది లావా ఆ వినాశనానికి ముందరి మూడు మూడున్నర లక్షల ఏళ్ళలోదని, పైది వినాశనం తరువాత సుమారు మూడు లక్షల ఏళ్ళకు వచ్చిందని బిగిసింది. గుల్ల వరస చెప్తుంది, ఏళ్ళు చెప్పదు. ఏళ్ళు లావా, బూడిదల్లోని యురేనియం, ఆర్గాన్ కొలతల నుంచి వస్తాయి. ఒకదానికొకటి తోడుంటేనే తేదీ నిలుస్తుంది.

ఇదే పొరలు సముద్రం వైపు లోతుకు దిగాయి. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్విన పదకొండు లోతైన బావుల నమూనాలు చూసి అదే బృందం 2011లో మరో విషయం ప్రకటించింది. అక్కడ వినాశనానికి ముందు నాలుగు మహా లావా ప్రవాహాలు, వాటి నడుమ సముద్రపు మట్టి ఉన్నాయి. మొదటి ప్రవాహానికి ముందే తేలే ఫొరామినిఫెరా జాతులు సగం తగ్గాయి. అది వచ్చి వెళ్ళాక మిగిలినవి ఏడెనిమిది. తరువాత కోలుకోలేదు.

దీని అర్థం ఏమిటన్నది ఇంకా తగవే. 1980లో ఆల్వారెజ్ బృందం గుబ్బియో మట్టిలో ఇరిడియం కనుక్కుని, ఆకాశం నుంచి పడ్డ పెద్ద గ్రహశకలమే వినాశనానికి కారణమంది. మెక్సికోలో దాని గొయ్యి కూడా బయటపడింది. ఎక్కువమంది శాస్త్రవేత్తలు దానికే ఓటు వేస్తారు. కెల్లర్ మాత్రం దక్కన్ లావాల నుంచి వచ్చిన వాయువులకే పెద్దపీట వేస్తారు. 2019లో రెండు బృందాలు లావాల వయసును యురేనియంతో ఒకరు, ఆర్గాన్‌తో ఒకరు మళ్ళీ కొలిచాయి. మొత్తం పది లక్షల ఏళ్ళలోపే ఉబికాయని ఇద్దరూ అంటారు. ఏ భాగం ఎప్పుడన్న దగ్గర తేడా ఉంది. మన గోదావరి గుల్ల ఆ తగవు తీర్చలేదు. కానీ ఇకమీద ఎవరు వాదించినా ఆ గుల్ల పెట్టిన తేదీకి జవాబు చెప్పుకునే వాదించాలి.

ఇప్పుడు ఒక ఇంజనీరుగా నేను చెప్పవలసిన మాట. ఆ సాక్ష్యం బయటపడింది క్వారీ తవ్వడం వల్లే. కొండను నిలువునా కోస్తేనే నడుమ పొర కనబడింది. తవ్వుతూ పోతే పోయేదీ అదే పొర. మాకు కావలసింది దాని కిందా పైనా ఉన్న నల్లరాయి. నడుమనున్న పొర మా లెక్కలో రాయి కిందకు రాదు, తోసివేసే సరుకు. రోడ్లు కావాలి, కంకర కావాలి. నేను క్వారీలు మూసేయమనడం లేదు, ఆ మాట అనే హక్కు నాకు లేదు. ఇలాంటి చోట్ల ఒక్క గోడనైనా, ముప్పై నలభై అడుగుల పొడవున, కింది లావా, పూర్ణం, పై లావా మూడూ కనబడేట్టు ముట్టుకోకుండా వదలాలంటున్నాను. అది అసాధ్యం కాదు. మన భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. రిజిస్టరు కాలిపోతే మళ్ళీ రాయించుకోవచ్చు, తోటివాళ్ళ జ్ఞాపకాలు పోగుచేయవచ్చు. ఈ పొర పిండి అయ్యాక మళ్ళీ అడగడానికి ఎవరూ ఉండరు. పైగా శాస్త్రం మారుతోంది. 1930ల్లో దొరకని జవాబు 2008లో దొరికింది. రేపటి పిల్లలు ఇంకా మంచి పనిముట్లతో వస్తారు. వాళ్ళు వచ్చేనాటికి రాయి ఉండాలి కదా.

ఈ సభలో క్వారీ లీజులున్నవాళ్ళున్నారు, ప్రభుత్వ ఉద్యోగాల్లో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళున్నారు, కాంట్రాక్టర్లున్నారు. మీ చేతుల మీదుగా ఏ కొండ కోతకు వెళ్ళినా, కోసిన గోడలో రంగు మారిన పొర కనబడితే ఒక ఫోటో తీసి దగ్గరలోని కాలేజీ భూగర్భశాస్త్ర విభాగానికి పంపండి. ఖర్చు లేని పని అది.

మాస్టార్లకు ఒక మనవి. మా బ్యాచ్ తరఫున బడికి ఒక మైక్రోస్కోపు, సన్నజల్లెడలు, రాళ్ళు పెట్టుకునే ఒక అద్దాల బీరువా ఇస్తున్నాం. బీరువాలో ఖొండలైట్ ముక్క, గోదావరి నల్లరాయి, సున్నపురాయి పక్కపక్కన పెట్టండి. ఏడాదికోసారి తొమ్మిదో తరగతి పిల్లలను నది మొగకు తీసుకెళ్ళి గుప్పెడు బురద తెప్పించండి. కడిగి చూస్తే చుట్ట తిరిగిన చిట్టి గుల్ల ఒకటైనా కనబడుతుంది. ఆ గుల్లల దూరపు చుట్టాలే రాజమండ్రిలో రాతికి తేదీ వేశాయని అప్పుడు చెప్పండి. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదానికంటే అది ఎక్కువ నిలుస్తుంది.